‘తోట పసిపోరని అసుంటిది’: కథలో పాత్రనూ పోలికనూ ఎలా చదవాలి

నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు పదో తరగతి పిల్లలు, డిగ్రీలో తెలుగు తీసుకున్నవాళ్ళు, డీఎస్సీకి తయారయ్యేవాళ్ళు తిప్పి తిప్పి ఒకే మాట అడుగుతుంటారు. “కథ అర్థమవుతుంది. కానీ పాత్ర స్వభావం రాయమంటే రెండు వాక్యాల తర్వాత కలం ఆగిపోతుంది. అలంకారం పేరు చెప్పగలం, అది అక్కడ ఎందుకు ఉందో చెప్పలేం.”

పాత్రను ఒక పాఠంగా, అలంకారాలను ఇంకో పాఠంగా చదవడం వల్లనే ఈ తిప్పలంతా. మనిషి తన బతుకులో ఉన్న వస్తువుతోనే పోలిక చెప్తాడు. మగ్గం మీద కూర్చునేవాడికి దారం గుర్తొస్తుంది, బాయికాడ బతికేవాడికి నీళ్ళు గుర్తొస్తాయి. అందుకే పోలికను సరిగ్గా విప్పితే పాత్ర సగం దొరుకుతుంది. కింది పద్ధతి ఆ రెండింటినీ కలిపి చదవడానికి.

కావలసినవి

కథ లేదా పాఠం ప్రతి ఒకటి, గీతలు గీసుకోగలిగేది. గ్రంథాలయం పుస్తకమైతే గీయకుండా జిరాక్స్ తీయించుకోండి. రెండు రంగుల పెన్నులు: పాత్రకు నీలం, పోలికకు ఎరుపు. ఒక నోటుబుక్కు. ఒక నిఘంటువు. పద్యాలకు శబ్దరత్నాకరం సరిపోతుంది, ఫోనులో చూసేవాళ్ళకు ఆంధ్రభారతి ఉంది. మన మాటలకు నలిమెల భాస్కర్ తెలంగాణ పదకోశం దగ్గర ఉంటే మంచిది. అది దొరక్కపోతే ఇంట్లో అవ్వను అడగండి, చాలాసార్లు అదే త్వరగా తేలుతుంది.

నాలుగైదు పేజీల కథకు మొదటిసారి గంటన్నర పడుతుంది. పది కథలు చేశాక నలభై నిమిషాల్లో అయిపోతుంది.

అభ్యాసం కోసం ఒక చిన్న ముక్క ఇస్తున్నాం. ఇది ఈ పాఠం కోసమే రాసింది. వాక్యాలకు అంకెలు వేశాం, కింద వాటితోనే మాట్లాడతాం.

(1) మూడో బోరు కూడా ఎండిపోయింది.
(2) రాములు బత్తాయి చెట్టు కొమ్మ ఒకటి వంచి, గోటితో బెరడు గీకి చూశాడు. లోపల పచ్చదనం దారమంత ఉంది.
(3) ఇంటికి రాగానే ఎల్లమ్మ అడిగింది. “ఏమైంది?”
(4) “ఏం కాలే. నీళ్ళు జర సన్నగొస్తున్నయి, అంతే.”
(5) ఆమె ఇంకేం అడగలేదు. గూట్లో ఉన్న గుడ్డమూట తీసి, ముడి విప్పి, కమ్మలు రెండూ చూసి, మళ్ళీ ముడేసి అక్కడే పెట్టింది.
(6) “తోట పసిపోరని అసుంటిది ఎల్లమ్మా. పాలు తాగే పోరని ఇడిసిపెట్టి యాడికి పోతం?”
(7) “పోరనికి పాలియ్యాల్నంటె తల్లి కడుపుల బువ్వ వడాలె గద.”
(8) రాములు అరుగు మీద కూర్చున్నాడు.
(9) పెద్దకొడుకు పుణె బస్సు టికెట్టు అంగీ జేబులో పెట్టుకొని, నాయిన ముఖం చూడకుండా చెప్పులేసుకున్నాడు.
(10) ఆకాశం కడిగి బోర్లించిన తపేల లెక్క ఉంది.

1. పెన్ను పట్టకుండా ఒకసారి, గొంతెత్తి ఒకసారి చదవండి

మొదటిసారి ఏమీ గీయవద్దు. గీయడం మొదలుపెడితే కన్ను మాటల వెంట పోతుంది, కథ జారిపోతుంది. రెండోసారి పైకి చదవండి. మాండలికంలో ఉన్న సంభాషణ కంటికి అడ్డం తగులుతుంది గానీ చెవికి తగలదు. ‘బువ్వ వడాలె గద’ అన్నది పైకి అంటేనే అందులో ఉన్న నెమ్మది, ఆ నెమ్మది కింద ఉన్న కోపం వినిపిస్తాయి.

చదివాక పుస్తకం మూసి ఒక్క వాక్యంలో రాయండి: ఎవరికి ఏం కావాలి, ఏది అడ్డం పడుతుంది? మన ముక్కకు ఇలా: రాములు తోటను విడవలేడు, ఇల్లు ఆ తోట మీద బతకలేకపోతోంది. ఈ వాక్యం రాకపోతే ముందుకు పోకండి, మళ్ళీ చదవండి.

2. తెలిసిన మాటలనే ముందు అనుమానించండి

తెలియని మాట దగ్గర అందరూ ఆగుతారు. తెలిసినట్టు కనిపించే మాటలే మోసం చేస్తాయి. ‘బాయికాడికి పోయిండు’ అంటే బావిలో నీళ్ళు చూడటానికే పోయాడని కాదు, పొలానికి పోయాడని. ‘పానం మంచిగ లేదు’ అంటే ఒంట్లో బాగా లేదని, ప్రాణం పోతున్నదని కాదు. ‘చెల్క’ అంటే వానమీద ఆధారపడే మెట్టభూమి. ‘కైకిలి’ కూలిపని. ‘జీతం ఉన్నడు’ అంటే నెలజీతం ఉద్యోగం కాదు, ఆసామి ఇంట్లో ఏడాది కట్టుబడికి పనిచేస్తున్నాడని. పాత నల్లగొండ పల్లె కథల్లో ఈ చివరి మాటను తప్పు చదివితే పాత్ర మొత్తం తలకిందులవుతుంది.

పద్యమైతే ఈ మెట్టు దగ్గరే ఎక్కువసేపు ఉండాలి. ముందు క్రియ వెతకండి. తర్వాత ‘ఎవరు?’ అని అడిగి కర్తను పట్టండి. ఆ రెండూ దొరికాక మిగతా విశేషణాలు వాటంతట అవే సర్దుకుంటాయి. ప్రతిపదార్థం ఎడమ నుంచి కుడికి వరుసగా రాసుకుంటూ పోతే మధ్యలో దారి తప్పడం ఖాయం.

3. పాత్రకు ఐదు గడులు గీయండి

ఒక్కో పాత్రకు నోటుబుక్కులో ఒక పేజీ. ఐదు గడులు: చేసింది, అన్నది, అనకుండా ఆపింది, ఇతరులు అతని గురించి అన్నది, కథకుడు అన్నది. ప్రతి గడిలో వాక్యం అంకె వేయాలి. అంకె లేని మాట గడిలో ఉండకూడదు. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం తప్పులు తగ్గుతాయి.

రాములు పేజీ ఇలా వస్తుంది. చేసింది: బెరడు గీకి చూశాడు (2), అరుగు మీద కూర్చున్నాడు (8). అన్నది: నీళ్ళు సన్నగా వస్తున్నాయి (4), తోట పసిపోరని అసుంటిది (6). అనకుండా ఆపింది: బోరు ఎండిందని (1తో 4ను కలిపి చూడండి), కొడుకు ప్రయాణం గురించి ఒక్క మాట (9).

ఇక ‘చేసింది’, ‘అన్నది’ గడులు పక్కపక్కన పెట్టి చూడండి. మూడో బోరు ఎండింది, ‘ఏం కాలే’ అన్నాడు. ఎక్కడ మాట ఒకటి, సంగతి ఒకటి ఉందో అక్కడే పాత్ర ఉంది. దాన్ని ‘అబద్ధాలకోరు’ అని తేల్చేయకండి. ఆ అబద్ధం ఎవరిని కాపాడటానికి అని అడగండి. భార్యనా? తన పరువునా? లేక చెట్టులో దారమంత పచ్చదనాన్ని చూసి వచ్చినవాడు తన ఆశనే కాపాడుకుంటున్నాడా? రెండో వాక్యం మూడో జవాబు వైపు మొగ్గుతుంది. కొమ్మ బతికి ఉందో లేదో చూడటానికి రైతు బెరడు గీకుతాడు. అతను చూడబోయింది పచ్చదనం కోసమే.

ఎల్లమ్మ పేజీలో ‘అన్నది’ గడి చిన్నది, ‘చేసింది’ గడి బరువైనది. ఐదో వాక్యంలో ఆమె ఐదు పనులు చేసింది, ఒక్క మాట అనలేదు. కమ్మలు చూసుకోవడానికి రెండు అర్థాలు కుదురుతాయి: కుదువ పెట్టడానికి సిద్ధపడుతోంది, లేదా భర్త వాటిని ఇంతకుముందే తీసుకుపోయాడేమోనని చూసుకుంది. ఈ ముక్కలో రెండింటికీ చోటుంది. ఇలాంటప్పుడు ఒకటి ఎంచుకొని రెండోదాన్ని దాచకండి, రెండూ రాసి ఏది ఎందుకు బలమైనదో చెప్పండి.

*జాగ్రత్త:* ఆచారాన్ని స్వభావం అనుకోకండి. ఎల్లమ్మ భర్తను పేరు పెట్టి పిలవలేదు. అది మన పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్న రివాజు. దాన్నుంచి ‘భయస్తురాలు’, ‘అణకువ గలది’ అని తీస్తే ఏడో వాక్యం మీ మాటను కొట్టేస్తుంది. ఆచారం తప్పినప్పుడే అది పాత్ర గురించి చెప్తుంది. దొరల కాలం కథల్లో జీతగాడు పేజీపేజీకీ ‘బాంచెన్ దొరా’ అంటుంటే అది ఆ కాలపు మాట. ఒకచోట ‘బాంచెన్’ లేకుండా మాట్లాడాడా, ఆ వాక్యం చుట్టూ రెండు గీతలు గీయండి. కథ అక్కడ మలుపు తిరిగింది.

4. విశేషణం వదిలి, ఎంచుకున్న దారి చూడండి

‘మంచివాడు, దయగలవాడు, ధైర్యశాలి’ అని రాస్తే అది ఏ కథలో ఏ పాత్రకైనా అతుకుతుంది. అందరికీ అతికేది ఎవరిదీ కాదు.

రామాయణంలో విభీషణుణ్ణి, కుంభకర్ణుణ్ణి తీసుకోండి. సీతను తెచ్చింది తప్పని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ రావణుడికి ఆ మాట ముఖం మీదే చెప్పారు. విశేషణాలు వెతికితే ఇద్దరికీ ‘న్యాయం తెలిసినవాడు’ అనే పడుతుంది. కానీ ఒకరు అన్నను వదిలి రాముడి దగ్గరికి వెళ్ళారు, ఒకరు తప్పని తెలిసి కూడా అన్న కోసం యుద్ధానికి దిగి చచ్చిపోయారు. పాత్రల మధ్య తేడా ఆ దారిలో ఉంది. పరీక్షలో కుంభకర్ణుడి మీద రాస్తూ నిద్ర, తిండి దగ్గరే ఆగిపోయేవాళ్ళు ఎక్కువ. అతని అసలు సంగతి వాటి తర్వాత మొదలవుతుంది.

పాత్ర మారిందా లేదా చూడటానికి కూడా ఇదే కొలత. మొదటి నిర్ణయం ఒక పక్క, చివరి నిర్ణయం ఒక పక్క రాయండి. ఒకేలా ఉంటే పాత్ర నిలకడగా ఉంది. తేడా ఉంటే, ఆ తేడా తెచ్చిన సంఘటన ఏదో మధ్యలో వెతకండి. సంఘటన దొరక్కపోతే మారింది పాత్ర కాదు, మీరు దాన్ని చూసిన తీరు.

ధీరోదాత్తుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు, ధీరోద్ధతుడు అన్న నాయక భేదాలు కూడా కొందరు అడుగుతారు. 14వ శతాబ్దంలో మన రాచకొండను ఏలిన సింగభూపాలుడు సంస్కృతంలో రాసిన రసార్ణవసుధాకరం అనే శాస్త్రగ్రంథంలో నాయికా నాయకుల సంగతి విపులంగా ఉంది. మన గుట్టల్లోనే ఇంత పని జరిగిందని తెలుసుకోవడం బాగుంటుంది. కానీ ఆ గడులు నాటకాలకూ ప్రబంధాలకూ చేసినవి. మూడు బోర్లు ఎండిన రాములును తీసుకెళ్ళి ‘ధీరశాంతుడు’ గడిలో కూర్చోబెడితే రాములూ చెడతాడు, శాస్త్రమూ చెడుతుంది.

5. పోలికలన్నీ ఎర్రగీత గీసి ఏరండి

పోలికను పట్టించే మాటలు ముందు కంఠతా పట్టండి. మన దగ్గర మాట్లాడేటప్పుడు: లెక్క, తీర్గ, ఓలె, అసుంటి. మామూలు రాతలో: లాగా, వలె, మాదిరి, వంటి. పద్యాల్లో: పోలె, కరణి, పగిది, భాతి, కైవడి, చందమున. పాఠ్యపుస్తకాల్లో మొదటి పట్టిక సాధారణంగా ఉండదు, అందుకే మన పిల్లలు తమ ఇంటి మాటలో ఉన్న ఉపమను తామే గుర్తుపట్టరు.

ఇక్కడ జారిపడే చోట్లు మూడు.

మొదటిది, ఆ మాట కనిపించిన ప్రతిచోటా ఉపమ ఉండదు. ‘నేను చెప్పినట్టు చెయ్యి’లో పోలిక లేదు. ‘లెక్క ప్రకారం ఇయ్యి’లో లెక్క వేరు.

రెండోది, ఊహను ఉత్ప్రేక్ష అనుకోవడం. ‘వాన వచ్చేటట్టుంది’ అన్నది నిజమైన అంచనా, వాన రావచ్చు. ‘చెరువు పగుళ్ళు మబ్బును నీళ్ళడగడానికి నేల తెరిచిన నోళ్ళా అన్నట్టున్నాయి’ అంటే ఉత్ప్రేక్ష. అలా కాదని చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు, అయినా ఊహించాడు. ఇద్దరికీ తెలిసి ఆడే ఆట అయితేనే ఉత్ప్రేక్ష.

మూడోది, పోలిక మాట లేదు కదా అని వదిలేయడం. ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు’ అన్న వేమన పద్యంలో మొదటి సగం ఉప్పు, కర్పూరం గురించి. రెండో సగం పురుషులు, పుణ్యపురుషుల గురించి. రెండు సగాలనూ ‘వలె’ అన్న మాట కలపలేదు, పక్కపక్కన పెట్టారంతే. కలుపుకోవలసింది మీరే. మన ముక్కలో ఏడో వాక్యం కూడా అంతే, తల్లి ఎవరో ఎల్లమ్మ చెప్పలేదు.

6. ఉపమను నాలుగు ముక్కలు చేసి, ఐదో ముక్క కోసం వెతకండి

బడిలో నేర్పేవి నాలుగు. ఆరో వాక్యానికి: ఉపమేయం (దేన్ని పోలుస్తున్నారో అది) తోట, ఉపమానం (దేనితో పోలుస్తున్నారో అది) పసిపోరడు, ఉపమావాచకం (పోలికను పట్టించే మాట) ‘అసుంటి’. సమానధర్మం (రెండింటికీ ఉన్న ఒకే గుణం) వాక్యంలో లేదు, కాబట్టి ఇది లుప్తోపమ, అంటే ఒక ముక్క లోపించిన ఉపమ. చాలామంది ఇక్కడ పెన్ను మూసేస్తారు. అసలు పని ఇప్పుడే మొదలైంది.

లేని సమానధర్మాన్ని కథలోంచే పూరించండి. ‘పాలు తాగే పోరడు’ అన్నాడు కాబట్టి ఒకరు పోస్తేనే బతకడం, తనంతట తాను నిలవలేకపోవడం. ‘ముద్దుగా ఉండటం’ అని రాయకండి. పసిపిల్లల్లో ఆ గుణం ఉంది గానీ ఈ వాక్యానికి అది అక్కర్లేదు.

ఐదో ముక్క, కుదరని చోటు. ఏ పోలికా మొత్తం సరిపోదు. గద్వాల చీరలో ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండూ వేరువేరు, కలిపి నేసిన చోట కన్ను పెడితే పనితనం తెలుస్తుంది. పోలికలో కూడా ఉపమేయం, ఉపమానం ఎక్కడ కలిశాయో, ఎక్కడ విడిపోయాయో ఆ గీత మీదే కన్ను పెట్టాలి. పసిపోరడు పెరుగుతాడు, తోట ఎండుతోంది. పోరణ్ణి అమ్మరు, తోటను అమ్మొచ్చు. అన్నిటికంటే పెద్దది: రాములుకు నిజంగానే ఒక కొడుకున్నాడు. ఆ కొడుకు తొమ్మిదో వాక్యంలో చెప్పులేసుకుంటున్నాడు. తోటను ‘ఇడిసిపెట్టి యాడికి పోతం’ అన్న తండ్రి, విడిచిపెట్టి పోతున్న కొడుకు గురించి ఏమీ అనలేదు. కథకుడు ఈ మాట ఎక్కడా చెప్పలేదు, పోలికలో కుదరని చోటు చెప్పింది.

7. ఆ పోలిక ఎవరి నోట్లోది?

ప్రతి ఎర్రగీత పక్కన పేరు రాయండి: పాత్రదా, కథకుడిదా. తర్వాత చూడాల్సింది, ఒకరి పోలికను ఇంకొకరు తీసుకున్నారా.

ఆరులో రాములు తోటను బిడ్డ అన్నాడు. ఏడులో ఎల్లమ్మ ఆ పోలికను కాదనలేదు. అందులోకే వెళ్ళి, అందులో లేని మనిషిని తెచ్చి నిలబెట్టింది: తల్లిని. ‘తోట బిడ్డే, మరి తల్లి ఏం తిని పాలియ్యాలి?’ అని. కొట్లాడకుండా వాదన గెలిచింది. ఇప్పుడు ఎల్లమ్మ పేజీకి వెళ్ళి చూడండి, ‘ఇగురం గలది’ (వివేకం గలది) అని రాయడానికి అంకెతో సహా ఆధారం దొరికింది.

పదో వాక్యం కథకుడిది. మిగతా చోట్ల ‘చూశాడు, పెట్టింది’ అన్న కథకుడు ఇక్కడ ‘లెక్క’ అన్నాడు. ఆకాశాన్ని ఆ ఇంటివాళ్ళ కళ్ళతో, ఆ ఇంటివాళ్ళ మాటతో చూశాడు. తపేల కడిగి బోర్లించారంటే ఈ పూటకు వంట అయిపోయింది, లేదా వండటానికేమీ లేదు. మబ్బు లేని ఆకాశం, ఖాళీ తపేల, బోర్లించిన ఆకారం మూడూ ఒకచోట కలిశాయి. ‘ఆకాశం నిర్మలంగా ఉంది’ అన్న అర్థం దగ్గర ఆగితే వాచ్యం, అంటే పైకి చెప్పిన అర్థం, మాత్రమే చదివారు. వాన లేదు, ఇంట్లో గింజ లేదు అన్నది వ్యంగ్యం; ఇక్కడ వ్యంగ్యమంటే ఎగతాళి కాదు, చెప్పకుండా సూచించిన అర్థం. సిద్ధాంతం ఇంతకంటే అక్కర్లేదు.

8. రూపకమా, ఉపమ సమాసమా తేలకపోతే

ఎక్కువమంది అడిగేది ఇదే కాబట్టి కొంచెం ఆగుదాం. ‘విద్యాధనం’ విప్పితే ‘విద్య అనెడి ధనం’, రూపక సమాసం. ‘తేనెమాట’ అంటే ‘తేనె వంటి మాట’, ఉపమాన పూర్వపదం. ఇవి తేలిక. ‘ముఖపద్మం’ లాంటివి రెండు వైపులా విప్పొచ్చు, అక్కడే తికమక.

క్రియను చూడండి. ‘ముఖపద్మం వికసించింది’ అంటే వికసించేది పద్మం, వాక్యం పద్మం వైపు నిలబడింది, కాబట్టి రూపకం. ‘ముఖపద్మం చిరునవ్వు నవ్వింది’ అంటే నవ్వేది ముఖం, పద్మం వట్టి పోలిక, కాబట్టి ఉపమ. సమాసాన్ని వాక్యంలోంచి పీకి విడిగా రాసుకుంటే ఈ తేడా ఎప్పటికీ తేలదు. ప్రశ్నపత్రంలో సమాసం ఒక్కటే ఇస్తే పాఠంలో అది వచ్చిన వాక్యం గుర్తు తెచ్చుకోండి.

9. జాతీయాలను తవ్వకండి

‘గుండె చెరువైంది’, ‘నీళ్ళు నమిలిండు’, ‘చేతులెత్తేసిండు’, ‘రెక్కాడితే గాని డొక్కాడదు’ ఒకప్పుడు కొత్త పోలికలే. వాడి వాడి అరిగిపోయి ఇప్పుడు ఒక్కో మాటలా పనిచేస్తాయి. వీటిని నాలుగు ముక్కలు చేయబోతే జవాబు పిచ్చిగా వస్తుంది. అర్థం రాసి ముందుకు పోండి.

ఒక మినహాయింపు ఉంది. రచయిత అరిగిన మాటను పక్క వాక్యంతో నిద్రలేపుతాడు. ఊర్లో చెరువు ఎండిన రోజే ‘ఆమె గుండె చెరువైంది’ అని రాస్తే ఆ చెరువు మళ్ళీ నిజం చెరువవుతుంది. చుట్టుపక్కల అదే వస్తువు ఉందా అన్నదే పరీక్ష. ఉంటే తవ్వండి.

‘ఊరు ఊరంతా కదిలింది’, ‘గడీ హుకుం చేసింది’, ‘పాలమూరు పుణెకు పోయింది’ వీటిలో పోలిక లేదు. ఊరు అంటే జనం, గడీ అంటే దొర, పాలమూరు అంటే వలసపోయిన కూలీలు. చోటు పేరు చెప్పి మనుషులను చూపడం. వీటి దగ్గర అడగాల్సింది ఒకటే: మనిషి పేరు ఎందుకు దాచారు? దొర అనకుండా గడీ అన్నప్పుడు ఆ భయానికి ముఖం లేకుండా పోయింది, గోడలు మిగిలాయి.

10. ఇక జవాబు రాయండి

ఒక మాట, దానికి ఒక సంఘటన, ఆ సంఘటన ఆ మాటను ఎలా చూపిస్తుందో ఒక వివరణ. ఇలాంటి మూడు గుత్తులు చాలు, పన్నెండు నుంచి పదిహేను వాక్యాలు వస్తాయి.

సాధారణంగా వచ్చే జవాబు: “ఎల్లమ్మ మంచి ఇల్లాలు. భర్త అంటే ప్రేమ. కష్టాలను ఓర్చుకుంటుంది. ఆమె మనకు ఆదర్శం.”

రావలసింది: “ఎల్లమ్మ తక్కువ మాట్లాడి ఎక్కువ చూస్తుంది. భర్త నీళ్ళు సన్నగా వస్తున్నాయని చెప్పినప్పుడు ఇంకేమీ అడగకుండా కమ్మల మూట విప్పి చూసుకుంది. అతని మాట ఆమె నమ్మలేదని అక్కడే తెలుస్తుంది. తోటను పసిబిడ్డతో పోల్చినప్పుడు ఆ పోలికలోకే తల్లిని తెచ్చి, ఇంటి ఆకలిని గుర్తుచేసింది.” ఇందులో పొగడ్త లేదు, ‘ఆదర్శం’ లేదు, అయినా మనిషి కనిపిస్తుంది.

ఎక్కడ చెడుతుంది

సినిమా కళ్ళద్దాలు పెట్టుకోవడం మొదటిది. కర్ణుడి మీద రాసేవాళ్ళు చాలామంది తెర మీద చూసిన కర్ణుణ్ణి రాస్తారు. మీ పాఠంలో ఉన్న పద్యంలో లేని సంగతి ఎంత గొప్పదైనా మీ జవాబులో ఉండకూడదు.

మాండలికంలో మాట్లాడే పాత్రను అమాయకుడని, నవ్వించడానికి పెట్టారని అనుకోవడం ఇంకా పెద్ద తప్పు. ఇది మనవాళ్ళు కూడా చేస్తారు, బాధగా ఉంటుంది. ఏడో వాక్యంలో ఉన్నంత పదునైన తర్కం ఏ గ్రాంథికంలో ఉంది?

ప్రతి వస్తువునూ ప్రతీక అనేయడం ఈమధ్య ఎక్కువైంది. అరుగు అంటే ఒంటరితనం, చెప్పులు అంటే ప్రయాణం, గూడు అంటే సంసారం అని వరుసగా రాస్తారు. వస్తువు మళ్ళీ మళ్ళీ వస్తేనో, మలుపు దగ్గర నిలబడితేనో ప్రతీక అనండి. మన ముక్కలో అరుగు అరుగే.

పాత్ర అన్న మాటను రచయిత అభిప్రాయంగా రాయడం ఇంకొకటి. ఏం కాలేదన్నది రాములు. రచయిత మొదటి వాక్యంలోనే బోరు ఎండిందని చెప్పాడు.

వచ్చిందో లేదో చూసుకోవడం

*తీసేసి చూడండి.* పోలిక ఉన్న వాక్యాన్ని పోలిక లేకుండా తిరిగి రాయండి. ‘తోటను వదలలేను ఎల్లమ్మా.’ ఏం పోయింది? కొడుకుతో ఉన్న ముడి పోయింది, ఎల్లమ్మ జవాబుకు చోటు పోయింది. పోయిందేమిటో చెప్పగలిగితే పోలిక అర్థమైనట్టే. ఏమీ పోలేదనిపిస్తే ఆరో మెట్టుకు వెనక్కి వెళ్ళండి.

*నోరు మార్చి చూడండి.* ఏడో వాక్యాన్ని రాములు నోట్లో పెట్టండి. కుదరదు. ఎందుకు కుదరదో రెండు వాక్యాల్లో రాయగలరా?

*ఎదురు వాక్యం వెతకండి.* మీరు రాసిన ప్రతి తీర్పుకూ వ్యతిరేకంగా కథలో ఒక వాక్యం వెతకాలి. ‘రాములు మొండివాడు’ అని రాశారనుకోండి. ఎనిమిదో వాక్యంలో భార్య మాటకు ఎదురు చెప్పకుండా బయటికి వెళ్ళి కూర్చున్నాడు. మొండివాడు అలా చేస్తాడా? అప్పుడు తీర్పు సవరించండి: తోట విషయంలో పట్టు విడవడు, కానీ ఎల్లమ్మ మాటకు జవాబు లేదని అతనికి తెలుసు.

*కథ చదవనివాళ్ళకు చెప్పండి.* రెండు నిమిషాల్లో ఒక పాత్ర గురించి. వాళ్ళు ‘ఆయన అట్ల ఎందుకు చేసిండు?’ అని అడిగితే మీరు పాత్రను చూపించారు. ‘ఊఁ, మంచోడే’ అని ఊరుకుంటే విశేషణాలు చెప్పారు.

నవల అయితే ఈ పద్ధతి మొత్తం పుస్తకానికి పట్టించకండి, అలసిపోతారు. పాత్ర మొదటిసారి కనిపించిన చోటు, మొదటి అబద్ధం, మొదటిసారి ఏదైనా పోగొట్టుకున్న చోటు, ఎవరినైనా కాదన్న చోటు, చివరిసారి కనిపించిన చోటు. ఈ ఐదు చోట్ల ఐదు గడుల పట్టిక వేస్తే చాలు. పరీక్ష రేపే ఉండి సమయం లేకపోతే మూడో మెట్టు, ఏడో మెట్టు చేయండి, మిగతావి వదిలేయండి.